లోపలిదాకా గట్టిపడిన ఉక్కు

మా బాబాయి షెడ్డులో మధ్యాహ్నాలు ఎప్పుడూ సగం కలలాగే ఉండేవి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మలుపు తిరిగాక, లారీ బాడీలు కట్టేవాళ్ల పక్కన రేకుల షెడ్డు అది. బయట సుత్తుల మోత, వెల్డింగ్ మెరుపులు, హారన్లు. లోపలికి రెండడుగులు వేస్తే ఆ చప్పుళ్లన్నీ నీళ్లలోంచి వింటున్నట్టు మెత్తబడేవి. నడుమ డీజిలు కొలిమి. దాని ఎడం పక్క నీళ్ల తొట్టి, కుడి పక్క నూనె తొట్టి. కొలిమి తలుపు సందులోంచి ఒక ఎర్రటి వెలుగు నేల మీద చారలా పడి, గంటలు గడిచేకొద్దీ రంగు మార్చుకునేది. బాబాయి ఆ చారని చూసే లోపల ఉక్కు ఎంత కాగిందో చెప్పేవాడు. చూస్తూ చూస్తూ కుర్చీలోనే కునికిపాట్లు పడేవాడు.

ట్రాక్టరు పిన్నులు, లారీ ఇరుసులు, గేరు చక్రాలు మా దగ్గరికి మెత్తగా వచ్చి గట్టిపడి వెళ్లేవి. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చడమే మా పని. చెప్పుకోవడానికి అంతే. కానీ ఆ అంతేలో ఎంత ఉందో నేను లోహశాస్త్రం చదివి, బయట రాష్ట్రంలో ఒక గేర్ల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ విభాగం మూసేశాక ఇంటికొచ్చినప్పుడు గాని నాకు పూర్తిగా తెలియలేదు. మాది కూచిపూడి దగ్గరి పల్లె. నాన్న వరి పండిస్తాడు. నేను తిరిగొచ్చి పెరట్లో కూర్చుని కాలవలో నీళ్లు చూస్తూ ఉంటే, బాబాయి ఫోను చేసి, "ఆ నీళ్లు ఎటూ పోవులేమ్మా. నా షెడ్డుకి రా, నిప్పు చూద్దువుగాని," అన్నాడు. వెళ్లాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆవిడ వచ్చిన రోజు వాన ముసురు. బందరు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకి అంటుకున్నాయి. నలభై దాటిన మనిషి, నల్లగా, బలంగా, ముక్కుకి రాళ్ల ముక్కుపుడక. చంకలో ఒక గోనెసంచి. దాన్ని పసిబిడ్డని దించినట్టు నేలమీద దించింది. సంచి విప్పగానే షెడ్డంతా ఉప్పు వాసన వచ్చింది.

"ఇనుముకి గట్టిదనం పెట్టేది ఇక్కడేనాండీ?"

బాబాయి కళ్లు తెరిచి నావైపు చూపించాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీరేనా మేడంగారూ?" అంది, నమ్మకం కలగనట్టు. తర్వాత సంచిలోంచి రెండు ముక్కలు తీసింది. చెయ్యంత లావున్న షాఫ్టు అది, నడిమికి విరిగి ఉంది.

ఆవిడది, ఆవిడ భర్తది కలిపి ఒక బోటు. బందరు రేవులో కట్టేస్తారు. ఆయనే దాని సరంగు, అంటే సముద్రం మీద బోటు నడిపే మనిషి. వల లాగడానికి బోటు మీద ఒక పెద్ద రాట్నంలాంటి యంత్రం ఉంటుంది, దాన్ని వాళ్లు వించి అంటారు. ఇంజను తిప్పితే అది తిరుగుతుంది, తాడు చుట్టుకుంటుంది, వల పైకొస్తుంది. ఆ బరువంతా మోసేది దాని నడుమనున్న ఈ షాఫ్టే.

"మొదట్లో ఉన్నది మెలితిరిగిందండీ," అంది. "జంతికలాగా తిరిగిపోయింది. మెత్తటి ఇనుమమ్మా, గట్టిది వెయ్యాలి అన్నారు. సరే అని గట్టిదనం పెట్టించి ఇది వేయించాం. చాన్నాళ్లు బాగానే లాగింది. ఒకనాడు వల బరువుగా వస్తా ఉండగా ఇదిగో, ఇట్టా విరిగింది. తాడు వెనక్కి కొట్టింది. మా ఆయన చెయ్యి దాని కింద పడింది."

రేకుల మీద వాన గట్టిగా పడుతోంది.

"కుడిచెయ్యి. ఎముకలు అతికినయ్యి. వేళ్లు మాత్రం ముడుచుకోటం లేదు. అసలు సంగతి అది కాదండీ. ఆయన రేవుకి రావటం మానేశాడు. బోటు పేరెత్తితే లేచి లోపలికి పోతాడు."

నేను విరిగిన ముక్కని వెలుతురులోకి తిప్పి పట్టుకున్నాను. విరిగిన ఉక్కు మొహం చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పనేమో అనిపిస్తుంది, చిన్నప్పుడు నేను ఉక్కునే చూడకపోయినా. అంచు చుట్టూ సన్నగా, పట్టులాంటి బూడిదరంగు. ఆ ఉంగరం దాటి లోపలికి వెళ్తే, పటికబెల్లం విరిచినప్పుడు కనబడే పలుకుల్లాంటి మెరుపు. చుట్టూ గట్టి పెంకు, నడుమ మెత్తటి గుజ్జు. ఆ పెంకు మందం నా గోరంత కూడా లేదు.

ఆవిడ నా మొహమే చూస్తోంది. "మెత్తగా ఉంటే మెలితిరిగింది, గట్టిగా ఉంటే విరిగింది. ఈ రెండూ కాకుండా ఇంకేముంటుందండీ?"

"ఇది గట్టిగా లేదక్కా," అన్నాను. అక్కా అని ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. "పైన మాత్రమే గట్టిగా ఉంది. బరువు పడ్డప్పుడు లోపలి మెత్తటిది మెలి తిరగబోయింది. పైనున్న పెంకు దానితోపాటు తిరగలేదు కదా, చిట్లింది. ఆ చిట్లు మెల్లగా లోపలికి పాకింది. ఇది ఒక్కరోజులో విరిగింది కాదు."

"మరి లోపలికీ పెట్టొచ్చుగా ఆ గట్టిదనం?"

నేను చదువుకున్న పుస్తకమంతా ఆ ప్రశ్న చుట్టూనే. బాబాయి కూడా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు, నేనేం చెబుతానో వినడానికి.

నేను ఆవిడకి చెప్పింది ఇది. ఉక్కు ఎర్రగా కాగినప్పుడు దాని లోపలి అమరిక మారిపోతుంది. మెల్లగా చల్లారనిస్తే మళ్లీ పాత మెత్తటి అమరికకి వెళ్లిపోతుంది. అలా వెళ్లే లోపలే చల్లబరిస్తే ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకోవడమే గట్టిదనం. నీళ్లు పైపొరని గబుక్కున చల్లారుస్తాయి. నడుమ మాత్రం వేడి బయటికి రావడానికి టైము పడుతుంది. ఆ టైములో అది తీరిగ్గా మెత్తబడిపోతుంది.

ఆవిడ నేలవైపు చూస్తూ విన్నది. తర్వాత అంది: "చేపల కుప్ప మీద ఐసు పోసినట్టు. పైవి బిర్రుగా ఉంటయ్యి. అడుగున, మధ్యన ఉన్నవి పాడవుతయ్యి."

"అచ్చం అంతే."

"ఎంత ఐసు పోసినా మధ్యకి చేరదు."

"చేరదు. అందుకని ఐసు పెంచి లాభంలేదు. పాడవటమే ఆలస్యమయ్యే చేప కావాలి."

ఆవిడ నవ్వింది. ఆ రోజు మొదటిసారి. "అట్టాంటి చేప సముద్రంలో లేదుగానీ, ఇనుములో ఉందా?"

ఉంది. ఉక్కులో కాస్త మాంగనీసు, క్రోమియం, నికెలు, మాలిబ్డినం కలిపితే, పాత అమరికకి తిరిగి వెళ్లడం బాగా నెమ్మదిస్తుంది. అప్పుడు నడుమభాగం తీరిగ్గా చల్లారినా, మెత్తబడటానికి దానికి సమయం చాలదు. లోపలిదాకా బిగుసుకుంటుంది. ఉక్కు ఎంత గట్టిపడుతుందన్నది అందులోని కర్బనం చెబుతుంది. ఎంత లోతుకి గట్టిపడుతుందన్నది ఇవి చెబుతాయి. చెయ్యంత లావు షాఫ్టుకి కర్బనం ఒక్కటే చాలదు.

"చూపించగలరా?" అంది ఆవిడ. "మీరు చెప్పింది అర్థమైందండీ. కానీ ఇదివరకు చెప్పినోళ్లదీ అర్థమయ్యే వేయించాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజం ఉంది. వచ్చే వారం రమ్మన్నాను.

కాలేజీలో నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుండేది. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. బెత్తెడు పొడవు కడ్డీని ఎర్రగా కాల్చి, నిలువుగా వేలాడదీసి, కిందినుంచి ఒక చివరకి మాత్రమే నీళ్లు చిమ్మాలి. కింది చివర క్షణంలో చల్లారుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఆలస్యం. ఒక్క కడ్డీలోనే త్వరగా చల్లారిన ఉక్కు, నెమ్మదిగా చల్లారిన ఉక్కు, రెండూ వరసగా దొరుకుతాయి. లేత్ మీద పనిచేసే పక్క షెడ్డాయన నాకు రెండు కడ్డీలు కోసిచ్చాడు. ఒకటి మామూలు ఉక్కు. రెండోది క్రోమియం, నికెలు, మాలిబ్డినం కలిసింది. తొట్టి పక్కన కుళాయి గొట్టాన్ని పైకి వంచి కట్టాను.

నేను రమ్మన్నట్టే ఆవిడ వచ్చింది. ఆ రోజు కరెంటు లేదు. షెడ్డులో ఉన్న వెలుగల్లా కొలిమిదే. మొదటి కడ్డీని పట్టకారుతో తీసి తగిలించి కుళాయి తిప్పాను. నీళ్లు గొడుగులా విచ్చుకుని కింది చివరని తాకాయి. అక్కడ నలుపు పుట్టింది. ఆ నలుపు ఎరుపులోకి మెల్లమెల్లగా, సాయంకాలం చేలమీదకి వచ్చినట్టు, పైకి ఎక్కుతూ పోయింది. పైన ఇంకా పండు మిరపకాయ రంగు. మధ్యలో దానిమ్మ గింజ. కింద ఏ రంగూ లేదు. నీళ్ల చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు ఉంది. ఎంతసేపు నిలబడ్డామో నాకు గుర్తులేదు. ఎరుపు పూర్తిగా ఆరిపోయాక కూడా ఆవిడ కళ్లు అక్కడే ఉన్నాయి.

రెండు కడ్డీలూ చల్లారాక ఆవిడ చేతికి ఆకురాయి ఇచ్చాను. ఇనుముని అరగదీసే గరుకు పనిముట్టు అది. "కిందినుంచి పైకి రుద్దుతూ రండి," అన్నాను.

మామూలు కడ్డీ మీద మొదట ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. వేలి వెడల్పు కూడా వెళ్లిందో లేదో, గర్రున పట్టుకుంది. ఇనుప రజను రాలింది. ఆవిడ అక్కడే ఆగి బొటనవేలితో తడిమి చూసింది. రెండో కడ్డీ తీసుకుంది. జారింది. ఇంకా పైకి వెళ్లింది, జారింది. పై చివరిదాకా ఎక్కడా సరిగ్గా పట్టుకోలేదు. ఆవిడ మళ్లీ కిందికి వచ్చి మళ్లీ రుద్దింది. ముక్కుపుడక కొలిమి వెలుగులో మెరిసింది.

"ఇది వెయ్యండి," అంది.

షాఫ్టు తయారవడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ ఉక్కు కడ్డీ తెప్పించి, పక్క షెడ్డులో లేత్ మీద తిప్పించి, గాట్ల అంచులు ఎక్కడా కోసుగా లేకుండా గుండ్రంగా చేయించాను. చిట్లు మొదలయ్యేది అలాంటి మూలల్లోనే. కాల్చాల్సిన రోజున గన్నవరంలో ఒక వర్క్‌షాపుకి గేర్లు అప్పజెప్పే పని పడింది. షాఫ్టు కాగేసరికి వచ్చేస్తాలే అనుకున్నాను. "వచ్చేదాకా తియ్యొద్దు బాబాయ్. తీసినా నూనెలోనే," అని చెప్పి వెళ్లాను. రోడ్డు మీద లారీలు ఆగిపోయి ఆలస్యమైంది.

తిరిగొచ్చేసరికి బాబాయి నీళ్ల తొట్టి పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా షాఫ్టు. దాని పొడవునా వెంట్రుకంత సన్నటి గీత.

"కునుకు పట్టిందమ్మా," అన్నాడు. "కళ్లు తెరిచేసరికి రంగు వచ్చేసి ఉంది. తీశాను. చేతులు నన్నడగలేదు. నీళ్లలోకే వెళ్లిపోయాయి. వెదురు చీల్చినట్టు శబ్దం వచ్చింది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కాదు. ఆయన అలా నేలమీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పక్కనే చతికిలబడ్డాను. ఇద్దరం ఆ గీతనే చూస్తూ ఉండిపోయాం.

ఆవిడకి ఫోను చేసి చెప్పాను. రావద్దని కూడా అన్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చింది. బాబాయి లేచి నిలబడి, "తప్పు నాదమ్మా, మళ్లీ చేసిస్తాం," అన్నాడు. ఆవిడ తల ఊపి, గీత మీద వేలు పెట్టి ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా తీసుకెళ్లింది.

"ఇంత మంచి ఉక్కు కూడా పగులుద్దా?"

"మంచిది కాబట్టే పగిలిందక్కా. మామూలు ఉక్కుకి నీళ్ల తొందర కావాలి, లేకపోతే పైపొర కూడా గట్టిపడదు. ఇది నెమ్మదిగా చల్లారినా లోపలిదాకా బిగుసుకునేది. దీనికి నూనె చాలు. నీళ్లలో వేస్తే పైన ముందే బిగుసుకుపోయింది, లోపల ఆలస్యంగా బిగుసుకుంటూ ఉబ్బింది. పైది తట్టుకోలేకపోయింది. తొందర అక్కర్లేని దాన్ని తొందరపెట్టాం."

బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

"మా ఆయన్ని కూడా అందరం అట్టానే తోస్తన్నాం," అంది ఆవిడ. "మా అత్త, మరుదులు, నేను. లే, బోటెక్కు, ఎన్నాళ్లు కూర్చుంటావు అని. పొద్దున లేచింది మొదలు అదే మాట." కొంగుతో మొహం తుడుచుకుంది. "సర్లెండి. ఇంకోటి చెయ్యండి. నేనింటికి పోయి ఇక ఆయన్నేమీ అనను."

ఏమీ అనలేదని ఆ తర్వాత నాకు తెలిసింది. పొద్దున టీ ఇచ్చేదట, రేవుకి వెళ్లి వచ్చేదట, ఉక్కు గురించి చూసింది చెప్పేదట. నీళ్లు కిందినుంచి చిమ్మితే ఎరుపులోకి నలుపు ఎట్లా ఎక్కిందో, ఆకురాయి ఎట్లా జారిందో. ఆయన వింటున్నాడో లేదో కూడా చూసేది కాదట. ఒకరోజు ఆయనే అడిగాడట, రెండోది ఎప్పుడు కాలుస్తారని.

అలా రెండో షాఫ్టు కాల్చే రోజున ఆయన కూడా వచ్చాడు. పొడుగాటి మనిషి. కుడిచేతిని పైపంచెలో చుట్టి దాచుకున్నాడు. నమస్కారం ఎడంచేత్తోనే పెట్టి, "ఏమనుకోకండి," అన్నాడు. బాబాయి తన కుర్చీ ఆయనకిచ్చి, తాను తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. ఇద్దరూ కొలిమి ముందు పక్కపక్కన, సముద్రం ఒడ్డున కూర్చున్నవాళ్లలా కూర్చుండిపోయారు. ఎప్పుడో ఒక మాట.

"అలల రంగు చూసి గాలి చెప్తామండి మేము," అన్నాడాయన ఒకసారి.

"మేం ఈ రంగు చూస్తాం," అన్నాడు బాబాయి.

మిరపపండు రంగు దాటి కనకాంబరం వైపు తిరుగుతుండగా కొలిమి తలుపు తీశాం. నేను నూనె తొట్టి దగ్గర నిలబడ్డాను. షాఫ్టుని గొలుసు కప్పీకి తగిలించి పైకి లాగాలి. ఎప్పుడూ బాబాయీ, పక్క షెడ్డాయనా లాగేవాళ్లు. ఆ రోజు బాబాయి గొలుసు పట్టుకుని, పక్కకి తిరిగి, "ఒక చెయ్యి వెయ్యండి," అన్నాడు. మామూలుగా అన్నాడు, నీళ్లచెంబు అందించమన్నట్టు.

సరంగు ఆగాడు. తాడు దెబ్బ తిన్న మనిషి, బరువు వేలాడే గొలుసు ముందు నిలబడ్డాడు. ఎడంచెయ్యి వేశాడు. కాసేపటికి పంచెలోంచి కుడిచేతిని తీసి, ముడవని ఆ వేళ్లని గొలుసుకి ఆనించాడు. అంతే, పట్టుకోవడానికి కాదు. షాఫ్టు గాల్లో కాగడాలా తేలుతూ వచ్చింది. దాని వేడికి మా అందరి మొహాలూ వెలిగాయి. మెల్లగా, నిటారుగా నూనెలోకి దింపారు. నూనె మీద మంట నీలంగా లేచి, నాలుగువైపులా పరుచుకుని, తనంతట తానే అణిగింది. తెల్లటి పొగ రేకుల దాకా లేచింది. చీల్చిన శబ్దమేదీ రాలేదు. గుడగుడమని లోలోపల ఎవరో నెమ్మదిగా మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది, అంతే.

అలా గట్టిపడ్డ ఉక్కుని అలాగే వాడకూడదు. పెళుసుగా ఉంటుంది. మళ్లీ కొలిమిలో పెట్టి, ఎర్రబడకముందరి వేడిలో చాలాసేపు ఉంచాలి. గట్టిదనం కాస్త తగ్గి, దానికి ఓర్పు వస్తుంది. ఆ మధ్యాహ్నమంతా మేం చెయ్యాల్సిందేమీ లేదు. నేను తెచ్చిన పులిహోర అందరం తిన్నాం. బాబాయి డబ్బా మీదే గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ఆయన గురక, కొలిమి హోరు కలిసిపోయాయి. సరంగు కూడా కుర్చీలో తల వాల్చేశాడు. కుడిచెయ్యి ఒళ్లో తెరుచుకుని ఉంది. మా ఇద్దరికే మెలకువ.

"ఇట్టా పడుకుని చాన్నాళ్లయింది," అంది ఆవిడ గుసగుసగా. కొంతసేపటికి, "నేనెప్పుడూ మా బోటెక్కలేదు తెలుసాండీ," అంది.

"మీ బోటేగా?"

"నాదే. ఒడ్డు మీద నిలబడి పంపించటం, వచ్చాక చేపలు దింపించటం. ఆడోళ్లు ఎక్కరాదంటారు. ఎక్కితే ఏమవుద్దో ఎవరూ చెప్పలేదు."

మంచు పడే రోజుల్లో షాఫ్టు బిగించారు. మొదటిసారి వల లాగేటప్పుడు నేను అక్కడుండి చూడాలని అడిగాను. బరువు మీద అది ఎలా తిరుగుతుందో నా కళ్లతో చూడందే నాకు నమ్మకం కలగదని చెప్పాను. బోటు మీది కలాసులు మొహాలు చూసుకున్నారు. సరంగు వాళ్లతో, "చేసినావిడ చూడొద్దా మరి?" అన్నాడు. తర్వాత ఒడ్డుమీద నిలబడ్డ భార్యవైపు చూశాడు. "చేయించినావిడ కూడా రావాలిగా," అన్నాడు. ఎడంచెయ్యి చాచాడు. ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, చెప్పులు ఒడ్డునే విడిచి, ఆ చెయ్యి పట్టుకుని ఎక్కేసింది.

తెల్లవారుతుండగా కాలవ దాటి, మడచెట్ల మధ్యనుంచి, నది సముద్రంలో కలిసే మొగలోకి వచ్చాం. నీళ్లు, ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి, పాలలో బూడిద కలిపినట్టు. ఎక్కడ నది ఆగిందో ఎక్కడ సముద్రం మొదలైందో నాకు తెలియలేదు. ఆవిడకి కూడా తెలియలేదు. ఇద్దరం చుట్టచుట్టి ఉన్న తాళ్లమీద కూర్చుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. వెనక్కి చూస్తే ఒడ్డు ఒక గీతగా మారి, ఆ గీత కూడా పొగమంచులో కలిసిపోయింది. సూర్యుడు లేచినట్టే లేదు. వెలుతురు మాత్రం ఎప్పుడో వచ్చేసింది.

వల వేసి చాలాసేపు ఊరికే తిరిగాం. తర్వాత వించి ఆన్ చేశారు. తాడు నీళ్లలోంచి బిగుసుకుంటూ వచ్చి, డ్రమ్ము మీద ఒక్కొక్క చుట్టూ చుట్టుకోసాగింది. షాఫ్టు సాఫీగా తిరుగుతోంది. సగంలో ఉండగా బోటు ఒక పక్కకి ఒరిగింది. వల అడుగున దేనికో తట్టుకుంది. ఇంజను గొంతు మారి మూలిగింది. తాడు మీద నీటిచుక్కలు చిన్నచిన్నగా ఎగిరాయి. అందరూ వెనక్కి జరిగారు. నా చూపు ఆ షాఫ్టు మీదనుంచి కదల్లేదు. లెక్కలన్నీ వేసినదాన్నే, ఆ క్షణంలో ఒక్క లెక్కా గుర్తురాలేదు.

చుక్కాని దగ్గరున్న సరంగు పెద్దగా కేక వేశాడు: "ఆపొద్దు! కొంచెం వదిలి పట్టండి!" చుక్కాని పక్కవాడికిచ్చి, తానే వచ్చి వించి పక్కన నిలబడ్డాడు. తాడు కాస్త వదిలారు. బోటు తిరిగింది. మళ్లీ పట్టారు. షాఫ్టు ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, తిరిగింది. తిరుగుతూనే ఉంది. నీళ్ల కింద ఏదో వదిలిన కుదుపు మా అందరి కాళ్ల కిందికి వచ్చింది. వల తెల్లగా, మెరుస్తూ, నీళ్లు కారుతూ పైకొచ్చింది. కలాసులు అరిచారు. రొయ్యలు, గొరకలు, చందువాలు, పేరు తెలియనివెన్నో బల్లమీద పరుచుకున్నాయి. ఆవిడ మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో వాటిని ఇటూ అటూ చేస్తూ ఉంది, అలవాటైన పనే, కానీ చేపలు ఇంకా బతికుండగా అంత దగ్గరగా చూడటం మొదటిసారి. సరంగు వంగి షాఫ్టుని తడిమాడు. కుడి అరచేతితో. "వెచ్చగా ఉంది," అన్నాడు నాతో.

ఆయన వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు, ఇప్పటికీ. వించి పని తమ్ముళ్లు చూస్తారు. ఆయన చుక్కాని ఎడంచేత్తో పట్టుకుని మళ్లీ వేటకి వెళ్తున్నాడు. ఆవిడ తర్వాత ఎన్నోసార్లు బోటెక్కింది. మొదట్లో ఎవరో గొణిగారట, తర్వాత మానేశారట. ఆ షాఫ్టు ఇంకా అందులోనే తిరుగుతోంది. దాన్ని చూసి ఇంకొందరు బోట్లవాళ్లు మా దగ్గరికి వచ్చారు. బాబాయి మాత్రం ఆ తర్వాత ఎంతోకాలం పని చెయ్యలేదు, మోకాళ్లు సహకరించక ఇంటిపట్టున ఉంటున్నాడు. ఫోను చేస్తే ముందు అడిగేది, కొలిమి ఏ రంగులో ఉందమ్మా అని.

ఆ రోజు సముద్రం మీంచి వచ్చాక నేను బందరులో బస్సెక్కాను. ఒళ్లో ఐసు వేసి కట్టిచ్చిన చందువాలు. పక్క సీటావిడ ముక్కు మూసుకుని, కాస్త ఆగి, కూర ఎలా వండుతారని అడిగింది. కిటికీ బయట కోసిన వరిచేలు, కుప్పలు, వాటిమీద కొంగలు. కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు. నా కాళ్ల కింద బస్సు ఇంకా అలల మీదే పోతోంది. ఆయన రెండోసారి అడిగాక గాని నాకు ఊరి పేరు గుర్తురాలేదు.